ఆంగ్లపదాల ఎంపికలో సందిగ్ధత: ఫౌలర్ సంప్రదాయం – తెలుగు అభ్యాసకుని అవసరం

వ్యాససంగ్రహం:

ఆంగ్లంలో ఒకదానికొకటి దగ్గరగా ఉండి పొరపాటుకు తావిచ్చే పదయుగ్మాలను విడమరచి చెప్పే వాడుక గ్రంథాలకు శతాబ్దాల చరిత్ర ఉంది. ఈ సంప్రదాయానికి ప్రతినిధిగా నిలిచిన రచన 1926లో వెలువడిన హెచ్.డబ్ల్యు. ఫౌలర్ ‘ఎ డిక్షనరీ ఆఫ్ మోడరన్ ఇంగ్లీష్ యూసేజ్’. ఆ సంప్రదాయం ఆంగ్లం మాతృభాషగా గల విద్యావంతుని దృష్టిలో ఉంచుకొని ఏర్పడింది. అందులోని జాబితాలు తెలుగునేలపై పోటీపరీక్షల పుస్తకాల్లోకీ తరగతి గదుల్లోకీ పెద్దగా మార్పు లేకుండా వచ్చి చేరాయి. తెలుగు అభ్యాసకునికి ఎదురయ్యే సందిగ్ధతలు చాలావరకు వేరని, అవి తెలుగు పదాల నానార్థత నుండి పుడతాయని, వాటిలో అనేకం తెలుగు వ్యాకరణ సామగ్రితోనే పరిష్కరించదగినవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పదయుగ్మాలు, వాడుక గ్రంథాలు, ఫౌలర్, నానార్థాలు, వ్యతిరేకాత్మక విశ్లేషణ, పరిశోధనాంగ్లం.

1. ఉపోద్ఘాతం:

‘అఫెక్ట్–ఎఫెక్ట్’, ‘లెస్–ఫ్యూయర్’, ‘షల్–విల్’, ‘ప్రిన్సిపల్–ప్రిన్సిపుల్’ వంటి జంటల పట్టిక లేని ఆంగ్ల వ్యాకరణ పుస్తకం తెలుగు రాష్ట్రాల్లో అరుదు. ఉద్యోగ పరీక్షకు సిద్ధమయ్యే పట్టభద్రుడు వీటిని వల్లె వేస్తాడు. అదే పట్టభద్రుడు పరిశోధనలో చేరిన తరువాత తన సిద్ధాంతగ్రంథానికి ఆంగ్లంలో సంగ్రహం రాయవలసి వచ్చినప్పుడు ‘రెండేళ్లనుంచి’ అనడానికి ‘సిన్స్ టూ ఇయర్స్’ అని, ‘సోమవారంలోగా’ అనడానికి ‘అంటిల్ మండే’ అని, సాహిత్య ‘ప్రక్రియ’కు ‘ప్రాసెస్’ అని రాస్తాడు. పట్టికలో ఉన్న జంటలన్నీ అతనికి కంఠస్థమే. పొరపాటు జరిగిన చోట్లు మాత్రం ఆ పట్టికలో లేవు.

ఈ వైరుద్ధ్యానికి విద్యార్థి అలసత్వాన్నో, తెలుగు మాధ్యమాన్నో కారణంగా చూపడం పరిపాటి. పట్టిక ఎవరికోసం తయారైందన్న ప్రశ్న సాధారణంగా తలెత్తదు. ఆ ప్రశ్నను ముందుంచి వాడుక గ్రంథాల సంప్రదాయాన్ని పరిశీలించడం, దానిలో తెలుగు అభ్యాసకునికి ఉపకరించేదేదో ఉపకరించనిదేదో వేరుచేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉచ్చారణ బోధనను సమగ్రంగా చర్చించడం ఈ వ్యాసపరిధిలోనిది కాదు. పదాల ఎంపికకు సంబంధించినంత మేరకే దాని ప్రస్తావన ఉంటుంది.

2. ఫౌలర్ సంప్రదాయ స్వరూపం:

హెన్రీ వాట్సన్ ఫౌలర్ (1858–1933) బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, తరువాతి కాలంలో నిఘంటుకర్తగా స్థిరపడినవాడు. తమ్ముడు ఫ్రాంక్‌తో కలిసి 1906లో ‘ది కింగ్స్ ఇంగ్లీష్’, 1911లో ‘కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ’ వెలువరించాడు. 1918లో తమ్ముడు మరణించడంతో, ఇద్దరూ తలపెట్టిన వాడుక నిఘంటువును ఒంటరిగా పూర్తిచేసి, 1926లో ఆ తమ్మునికే అంకితమిచ్చాడు. 1965లో ఎర్నెస్ట్ గోవర్స్, 1996లో ఆర్.డబ్ల్యు. బర్చ్‌ఫీల్డ్, 2015లో జెరెమీ బటర్‌ఫీల్డ్ దీనిని పరిష్కరించారు.

ఈ గ్రంథంలో ‘పెయిర్స్ అండ్ స్నేర్స్’ అనే ఆరోపం ఒకటుంది. ‘జంటలు – ఉచ్చులు’ అని దాని భావం. రూపంలో దగ్గరగా ఉండి అర్థంలో వేరైన పదాలు రచయితకు పన్నే ఉచ్చులను అది హెచ్చరిస్తుంది. ‘డిఫరెన్షియేషన్’ అనే మరో ఆరోపంలో, ఒకే మూలం నుండి వచ్చిన రెండు రూపాలు క్రమంగా వేర్వేరు అర్థాలకు స్థిరపడడం భాషకు మేలని ఫౌలర్ వాదిస్తాడు. ‘మాస్టర్‌ఫుల్’ పెత్తనం చెలాయించే స్వభావానికీ, ‘మాస్టర్లీ’ ఆరితేరిన నేర్పుకూ పరిమితం కావాలన్న అతని పట్టుదల ఈ దృష్టికి మంచి ఉదాహరణ. చారిత్రకంగా ఈ రెండు పదాల అర్థాలు కలగలిసే ఉండేవి. ఉన్న భేదాన్ని నమోదు చేయడంతో ఫౌలర్ తృప్తి చెందలేదు. ఉండదగిన భేదాన్ని ప్రతిపాదించాడు.

‘దట్–విచ్’ విషయంలోనూ అతని పద్ధతి ఇదే. నామవాచకాన్ని నిర్దేశించే ఉపవాక్యానికి ‘దట్’, అదనపు సమాచారమిచ్చే ఉపవాక్యానికి ‘విచ్’ వాడితే స్పష్టత పెరుగుతుందని సూచించి, అధికసంఖ్యాక రచయితలు గానీ ఉత్తమ రచయితలు గానీ అలా వాడడం లేదని తానే ఒప్పుకున్నాడు. తరువాతి కాలపు చిన్న చేతిపుస్తకాల్లో ఆ ఒప్పుకోలు జారిపోయింది, సూచన నియమంగా మిగిలింది. ఫౌలర్ గ్రంథంలో ‘సూపర్‌స్టిషన్స్’, ‘ఫెటిషెస్’ అనే ఆరోపాలు కూడా ఉన్నాయి. ఆధారం లేని నియమాలను పట్టుకు వేలాడేవారిని అతడు వాటిలో ఎగతాళి చేశాడు. అతని పేరుమీద చలామణి అయిన నియమాల కఠినత్వానికి అతనికంటే అతని సంక్షేపకారులే ఎక్కువ బాధ్యులు.

3. నియమం వెనుక చరిత్ర:

వాడుక గ్రంథాల్లోని ప్రసిద్ధ నియమాల చరిత్రను మూడు ఉదాహరణలతో పరిశీలించవచ్చు.

3.1. ‘లెస్–ఫ్యూయర్’: లెక్కించదగిన వాటికి ‘ఫ్యూయర్’, లెక్కించరాని వాటికి ‘లెస్’ అన్నది నేటి పాఠ్యపుస్తకాల నియమం. 9వ శతాబ్దిలో ఆల్ఫ్రెడ్ రాజు రచనలోనే ‘లెస్’కు పూర్వరూపం లెక్కించదగిన మాటలతో కనిపిస్తుంది. ఈ భేదాన్ని 1770లో రాబర్ట్ బేకర్ ప్రస్తావించినప్పుడు దానిని తన అభిరుచిగానే చెప్పాడు. ఆ అభిరుచి క్రమంగా నియమమై, నియమం ఒక సామాజిక గుర్తింపుచిహ్నమైంది. బ్రిటన్‌లోని టెస్కో దుకాణాల్లో ‘పది వస్తువులు లేదా అంతకు తక్కువ’ అనే అర్థంలో ‘లెస్’ వాడిన బోర్డులపై భాషాభిమానులు చాలాకాలం అభ్యంతరపెట్టగా, 2008లో ఆ సంస్థ రెండు పదాలనూ వదిలి ‘అప్ టు’ అనే మాటను ఎంచుకున్నది. మాతృభాషీయుల మధ్యనే తెగని వివాదం తెలుగు విద్యార్థి ఒక మార్కును నిర్ణయించే ప్రశ్నగా మారడం గమనార్హం.

3.2. ‘డిసింటరెస్టెడ్–అనింటరెస్టెడ్’: మొదటిది ‘నిష్పాక్షికం’, రెండవది ‘ఆసక్తి లేని’ అని వాడుక గ్రంథాలు విభజిస్తాయి. 17వ శతాబ్దిలో వీటి తొలి ప్రయోగాలు దాదాపు తలకిందులుగా ఉన్నాయి: ‘డిసింటరెస్టెడ్’ ఆసక్తి లేమికీ, ‘అనింటరెస్టెడ్’ నిష్పక్షపాతానికీ వాడారు. అయితే ఈ చరిత్ర ఆధారంగా నేటి భేదాన్ని కొట్టిపారేయనక్కరలేదు. న్యాయమూర్తి నిష్పాక్షికుడా, వాదన వినే ఆసక్తి లేనివాడా అన్నది చిన్న తేడా కాదు. ఈ భేదం పురాతనమైనదన్న వాదన నిలవదు. ఉపయోగకరమైనదన్న వాదన నిలుస్తుంది. రెండు వాదనలను వాడుక గ్రంథాలు తరచు కలిపేస్తాయి.

3.3. ‘షల్–విల్’: తెలుగువారి ఆంగ్ల చదువులో దశాబ్దాలపాటు స్థానం పొందిన నియమం ఇది. ఉత్తమపురుషలో కేవల భవిష్యత్తుకు ‘షల్’, సంకల్పానికి ‘విల్’. మధ్యమ, ప్రథమ పురుషల్లో దీనికి విపర్యయం. 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఆంగ్ల వ్యాకరణంలో దీనికి స్పష్టమైన రూపం ఏర్పడింది. వాలిస్ ఆ గ్రంథాన్ని విదేశీయుల సౌకర్యం కోసం రాశాడు. రెండున్నర శతాబ్దాల తరువాత ‘ది కింగ్స్ ఇంగ్లీష్’ ఇదే నియమాన్ని వివరిస్తూ, దక్షిణ ఇంగ్లండులో పుట్టినవారికి ఇది సహజంగా అబ్బుతుందని, ఇతరులు నేర్చుకోవడం దాదాపు అసాధ్యమని పేర్కొన్నది. విదేశీయుని సౌకర్యానికి ఏర్పడిన సూత్రం విదేశీయుని వేరుచేసే గీటురాయిగా మారిందన్నమాట. నీటిలో మునిగిపోతున్న పరాయివాడొకడు ‘షల్’, ‘విల్’ తారుమారు చేసి అరవడంతో, అతడు చావుకు సంకల్పించుకున్నాడని ఒడ్డునున్నవారు ఊరకున్నారన్న వ్యాకరణ పుస్తకాల పాత పరిహాసకథ ఈ మనోభావానికే సాక్ష్యం. స్కాట్లండ్, ఐర్లండ్, అమెరికాల్లో ఈ నియమం ఏనాడూ పూర్తిగా వేళ్లూనలేదు.

తెలుగు విద్యార్థి విషయంలో దీనికి మరో పార్శ్వం ఉంది. ‘రేపు వెళ్తాను’, ‘రోజూ వెళ్తాను’ అన్నప్పుడు తెలుగు క్రియారూపం ఒక్కటే. మొదటిది భవిష్యత్తు, రెండవది తద్ధర్మం. ఆంగ్లంలో రెండవదానికి ‘విల్’ అవసరం లేదు. తెలుగు విద్యార్థికి నిజంగా కావలసిన భేదం భవిష్యత్, తద్ధర్మాల మధ్య భేదం. అతనికి బోధించినది ‘షల్’, ‘విల్’ల మధ్య భేదం.

4. వినికిడి నుండి పుట్టిన జంటలు:

వాడుక గ్రంథాల్లో పెద్ద భాగం సమోచ్చారణ పదాలది. ‘ఇట్స్’ అనే షష్ఠీరూపం, ‘ఇట్ ఈజ్’కు సంక్షేపరూపం, ‘అక్కడ’, ‘వారి’ అనే అర్థాలనిచ్చే రెండు ‘దేర్’లు, ‘అఫెక్ట్–ఎఫెక్ట్’, ‘ప్రిన్సిపల్–ప్రిన్సిపుల్’. ఆంగ్లం మాతృభాషగా గలవారు ముందు చెవితో మాటలు నేర్చి, తరువాత బడిలో వాటి వర్ణక్రమం నేరుస్తారు. చెవికి ఒకటిగా ఉన్నవి కాగితంపై రెండు కావడం వారి ఇబ్బంది. ‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ పదాల తొలి అచ్చు వారిలో చాలామంది ఉచ్చారణలో ఊనిక లేక అస్పష్టంగా పలుకుతుంది.

తెలుగు అభ్యాసకుడు సాధారణంగా ఇందుకు భిన్నమైన దారిలో వస్తాడు. అతనికి ఆంగ్లపదం ముందు అచ్చులో కనిపిస్తుంది. అక్షరాన్ని అనుసరించే ఉచ్చారణ ఏర్పడుతుంది. అందువల్ల ‘అఫెక్ట్’లో అకారం, ‘ఎఫెక్ట్’లో ఎకారం అతని నోట స్పష్టంగా వేరు. తెలుగులో చేరిన ఆంగ్లపదాలే దీనికి తార్కాణం. మాతృభాషీయుల నోట ఒకేలా వినిపించే రెండు పదాలు తెలుగులో కళాశాల అధిపతికి ‘ప్రిన్సిపాల్’గా, సూత్రానికి ‘ప్రిన్సిపుల్’గా విడిపోయాయి. సభకు ‘కౌన్సిల్’, ఇంజనీరింగ్ ప్రవేశాలకు ‘కౌన్సెలింగ్’ అన్నవి తెలుగువారు తడబడకుండా వాడుతున్న రూపాలు.

అంటే తెలుగు అభ్యాసకునికి ధ్వనిసంబంధమైన చిక్కులు లేవని కాదు, అవి వేరు. ఆంగ్లంలోని రెండు ‘వ’కారధ్వనులకు తెలుగులో ఒకే వకారం ఉండడంవల్ల ‘వెట్’ అంటే పశువైద్యుడో తడి అన్న విశేషణమో ఉచ్చారణలో తేలదు. పదంలో ఊనిక పడే స్థానం తెలుగులో అర్థభేదకం కాదు. ఆంగ్లంలో మాత్రం ‘వ్యక్తిగత’ అనే అర్థంగల ‘పర్సనల్’, ‘సిబ్బంది’ అనే అర్థంగల ‘పర్సొనెల్’. ‘నీతి’కి ‘మోరల్’, ‘మనోస్థైర్యా’నికి ‘మొరాల్’. విమర్శకునికి ‘క్రిటిక్’, విమర్శనానికి ‘క్రిటీక్’ – ఇవి ఊనికస్థానంతో విడిపోతాయి. మాతృభాషీయుని చెవి వీటిని సులువుగా వేరుచేస్తుంది. తెలుగు అభ్యాసకునికి కసరత్తు అవసరమైన చోటు ఇది.

5. తెలుగు నానార్థాలు – ఆంగ్ల భేదాలు:

పర్యాయపదాలు, నానార్థాలు తెలుగు విద్యార్థికి చిన్ననాటినుండి పరిచితమైన భావనలు. అమరకోశంలోని నానార్థవర్గం నుండి నేటి పాఠశాల వాచకాల అభ్యాసాల వరకు ఈ పరంపర కొనసాగుతున్నది. తెలుగు అభ్యాసకుని ఆంగ్ల సందిగ్ధతలను వివరించడానికి ఈ భావన చక్కగా సరిపోతుంది. తెలుగులో ఒక పదం మోసే రెండు అర్థాలను ఆంగ్లం రెండు పదాలకు పంచినప్పుడు ఎంపిక సమస్య పుడుతుంది. అయితే తెలుగు ఆ భేదాన్ని మరోచోట, తరచు ప్రత్యయంలోనో క్రియలోనో, దాచి ఉంచుతుంది. దానిని గుర్తిస్తే పరిష్కారం చేతికందుతుంది. కొన్ని ఉదాహరణలు:

5.1. ‘సిన్స్–ఫర్’: ‘2020 నుంచి పనిచేస్తున్నాడు’, ‘మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాడు’ అన్న రెండు వాక్యాల్లోనూ ‘నుంచి’ ఉంది. ఆంగ్లంలో మొదటిది ఆరంభబిందువు గనుక ‘సిన్స్’, రెండవది కాలపరిమాణం గనుక ‘ఫర్’. ఈ నిర్వచనాన్ని అప్పగించగల విద్యార్థి సైతం రాసేటప్పుడు తడబడతాడు. తెలుగులో దీనికి సులభమైన పరీక్ష ఉంది. ‘మూడేళ్లుగా పనిచేస్తున్నాడు’ అనవచ్చు. ‘2020గా పనిచేస్తున్నాడు’ అనలేము. ‘చాలాకాలంగా’, ‘వారం రోజులుగా’ సాధువులు. ‘సోమవారంగా’, ‘చిన్నప్పటిగా’ అసాధువులు. ‘నుంచి’ స్థానంలో ‘గా’ చేర్చగలిగితే ‘ఫర్’, చేర్చలేకపోతే ‘సిన్స్’. ‘ఎంతకాలంగా’, ‘ఎప్పటినుంచి’ అనే ప్రశ్నల భేదం కూడా ఇదే. జరుగుతూ ఉన్న పనిని చెప్పే వాక్యాలకు ఈ పరీక్ష వర్తిస్తుంది. ముగిసిన పనికి ‘రెండు గంటలసేపు చదివాడు’ అన్నట్లు ‘సేపు’ తోడ్పడుతుంది. అక్కడా ‘ఫర్’ సరిపోతుంది.

5.2. ‘బై–అంటిల్’: గ్రంథాలయ పుస్తకాన్ని ‘సోమవారం వరకు ఉంచుకోవచ్చు’, ‘సోమవారంలోగా తిరిగి ఇవ్వాలి’ అన్నప్పుడు మొదటిదానికి ‘అంటిల్’, రెండవదానికి ‘బై’ కావాలి. తెలుగు ఈ రెంటినీ స్పష్టంగా విడదీస్తుంది: కొనసాగే స్థితికి ‘వరకు, దాకా’, గడువులో ముగిసే పనికి ‘లోగా, లోపు, కల్లా’. భేదం మాతృభాషలో ఉన్నా పొరపాటు జరగడానికి కారణం బోధనలో కనిపిస్తుంది. కర్మణి ప్రయోగపాఠంలో ‘బై’ అంటే ‘చేత’ అని విద్యార్థి నేర్చుకుంటాడు. ‘కల్లా’ అన్న అర్థం అతని దృష్టికి రాదు. ‘రేపటికల్లా’ అన్న మాటతో ‘బై’ని జతచేసి చెబితే ఈ చిక్కు తీరుతుంది.

‘అంటిల్’తో మరో సమస్య ఉంది. ‘వాన తగ్గేదాకా’, ‘వాన తగ్గనంతవరకు’ అని తెలుగులో రెండు విధాలా చెప్పవచ్చు. రెండవదాని ప్రభావంతో విద్యార్థి ‘అంటిల్’ ఉపవాక్యంలో వ్యతిరేకక్రియ వాడతాడు. ఆంగ్లంలో ‘అంటిల్’ మొదటిదానితోనే పొసగుతుంది. రెండవదానికి ‘యాజ్ లాంగ్ యాజ్’ అనే మాటతో వ్యతిరేకక్రియ కావాలి.

5.3. ‘హియర్–లిజన్’: ‘విను’ ధాతువు ఒక్కటే రెంటికీ సమానార్థకంగా నిఘంటువుల్లో కనిపిస్తుంది. అయితే ‘పాట వినబడింది’, ‘పాట విన్నాడు’ అన్నవి ఒకటి కావు. మొదటిదానిలో వినేవాని ప్రయత్నం లేదు, రెండవదానిలో ఉంది. ‘కనబడు–చూచు’ జంట కూడా ఇటువంటిదే. ‘ఆ వార్త విన్నాడు’ వంటి చోట్ల ‘విను’ ప్రయత్నం లేని అర్థంలోనూ వస్తుంది గనుక ఈ సామ్యం సంపూర్ణం కాదు. అయినా ప్రయత్నం ఉన్నదా లేదా అన్న ప్రశ్న తెలుగు విద్యార్థికి కొత్తది కాదు.

5.4. ‘వెరీ–టూ’: ‘కాఫీ చాలా వేడిగా ఉంది’ అంటే తాగేవాడు సంతోషించవచ్చు. ‘మరీ వేడిగా ఉంది’ అంటే ఇంకా తాగలేడని భావం. ‘చాలా’కు ‘వెరీ’, ‘మరీ’కి ‘టూ’. ‘టూ’ అంటే ‘చాలా ఎక్కువ’ అని మాత్రమే చెప్పే పుస్తకం తెలుగులో సిద్ధంగా ఉన్న ‘మరీ’ని వాడుకోకుండా వదిలేస్తున్నది.

5.5. ‘బారో–లెండ్’: ‘అప్పు ఇచ్చు’, ‘అప్పు తీసుకొను’ అని తెలుగు క్రియలో భేదం చూపుతుంది. ‘అప్పు’ అనే నామాన్నే ఆంగ్లపదంతో సమీకరించుకున్నప్పుడు ‘బారో’ రెండు అర్థాలకూ పాకుతుంది. ఇచ్చు, తీసుకొను అనే క్రియలనుబట్టి ఎంపిక జరగాలి. అద్దె విషయంలో ఆంగ్లానిదే అస్పష్టత: ‘రెంట్’ అనే క్రియ ఇచ్చేవానికీ తీసుకునేవానికీ వర్తిస్తుంది. తెలుగు అక్కడా ‘అద్దెకు ఇచ్చు’, ‘అద్దెకు తీసుకొను’ అని విడిగానే చెబుతుంది. ‘మేము–మనం’, ‘అన్న–తమ్ముడు’ భేదాలు ఆంగ్లం ఏకపదంతో సరిపెట్టుకునేవి. ఏ భాష ఎక్కడ భేదం చూపుతుందన్నది దాని నిర్మాణానికి సంబంధించినది. భాషల గొప్పతనానికి సంబంధించినది కాదు.

6. పరిశోధనాంగ్లంలో ఎదురయ్యే సందిగ్ధతలు:

తెలుగు సాహిత్య పరిశోధకునికి అత్యంత ప్రమాదకరమైన ఉచ్చులు అతని స్వంత పరిభాషలోనే ఉన్నాయి. ‘ప్రక్రియ’ అంటే పని జరిగే క్రమం. నవల, కథ, శతకం వంటి సాహిత్యరూపం కూడా. మొదటిదానికి ‘ప్రాసెస్’, రెండవదానికి ‘జానర్’. ‘వస్తువు’ అంటే భౌతికపదార్థం, కావ్యవస్తువు కూడా. మొదటిది ‘ఆబ్జెక్ట్’, రెండవది సందర్భాన్నిబట్టి ‘థీమ్’ లేదా ‘సబ్జెక్ట్ మేటర్’. ‘ప్రయోగం’ భాషావిషయంలో ‘యూసేజ్’, విజ్ఞానశాస్త్రంలో ‘ఎక్స్‌పెరిమెంట్’, కర్తరి–కర్మణి చర్చలో ‘వాయిస్’. ‘పాత్ర’ కథలో ‘క్యారెక్టర్’, సమాజంలో నిర్వహించే ‘రోల్’. ‘దళిత కథలో వస్తుప్రయోగాలు’ వంటి శీర్షికను ఆంగ్లీకరించేటప్పుడు పొరపాటు పడితే, పరిశోధన దేనిపై జరిగిందో చదువరికి తెలియకుండా పోతుంది. ‘లెస్’, ‘ఫ్యూయర్’ తారుమారైనప్పుడు ఇంతటి నష్టం జరగదు.

‘సందేహం’ మరో ఉదాహరణ. తెలుగు విద్యాసంప్రదాయంలో శిష్యుడు గురువును సందేహం అడుగుతాడు. గురువు సందేహనివృత్తి చేస్తాడు. అందులో వినయం ఉంది. సదస్సులో ప్రసంగకర్తను ఉద్దేశించి తెలుగు పరిశోధకుడు ‘డౌట్’ ఉందని అన్నప్పుడు అదే వినయాన్ని ఉద్దేశిస్తాడు. విదేశీ శ్రోతకు అది ప్రసంగకర్త మాటపై అపనమ్మకంగా తోచవచ్చు. అక్కడ ‘క్వశ్చన్’ అన్న మాట ఉద్దేశాన్ని కాపాడుతుంది. ‘చర్చ’ విషయంలో ‘గురించి చర్చించు’ అన్న వాడుక ‘డిస్కస్ అబౌట్’కు దారితీస్తుంది. తెలుగులోనే ఉన్న ‘విషయాన్ని చర్చించు’ అనే ద్వితీయావిభక్తి రూపాన్ని ఆధారం చేసుకుంటే ‘అబౌట్’ అవసరం ఉండదు.

ఇక్కడ ఒక విచక్షణ అవసరం. భారతీయాంగ్లంలో స్థిరపడిన ప్రయోగాలన్నీ దోషాలు కావు. ‘వాయిదా’కు వ్యతిరేకార్థంలో పుట్టిన ‘ప్రీపోన్’ నేడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో చోటు సంపాదించింది. బ్రజ్ కచ్రు 1983లో ‘ది ఇండియనైజేషన్ ఆఫ్ ఇంగ్లీష్’లో భారతీయాంగ్లాన్ని స్వతంత్రరూపంగా గుర్తించవలసిన అవసరాన్ని వివరించాడు. అంతకుముందే, 1979లో నిహలానీ, టంగ్, హొసాలీలు భారతీయ, బ్రిటిష్ ప్రయోగాలను పక్కపక్కన చూపే చేతిపుస్తకాన్ని వెలువరించారు. ఒక ప్రయోగం అర్థాన్ని దెబ్బతీస్తున్నదా, ప్రాంతీయతను మాత్రమే సూచిస్తున్నదా అన్నది ఎంపికకు కొలమానం కావాలి. ‘సిబ్బంది’ని ‘వ్యక్తిగతం’ చేసే పొరపాటును, ‘ప్రీపోన్’ను ఒకే గాటన కట్టడం తగదు.

7. ప్రతిపాదన పరిమితులు:

మాతృభాషకూ లక్ష్యభాషకూ గల భేదాలనుబట్టి అభ్యాసకుని ఇబ్బందులను ముందే ఊహించవచ్చన్న వాదాన్ని 1957లో రాబర్ట్ లాడో ‘లింగ్విస్టిక్స్ అక్రాస్ కల్చర్స్’లో ప్రతిపాదించాడు. వ్యతిరేకాత్మక విశ్లేషణగా ప్రసిద్ధమైన ఈ పద్ధతిపై తరువాత గట్టి ఆక్షేపణలు వచ్చాయి. అభ్యాసకుని దోషాలు అతని మనసులో రూపొందుతున్న భాషావ్యవస్థకు సాక్ష్యాలని 1967లో ఎస్. పిట్ కార్డర్, ఆ వ్యవస్థకు మాతృభాషనుండీ లక్ష్యభాషనుండీ వేరైన అస్తిత్వం ఉందని 1972లో లారీ సెలింకర్ వివరించారు. తెలుగు అభ్యాసకుని దోషాలన్నిటికీ తెలుగే కారణమనడం ఈ దృష్ట్యా సరికాదు. ‘సిన్స్ టూ ఇయర్స్’ వంటి రూపం ఇతర భారతీయ భాషలవారి ఆంగ్లంలోనూ వినిపిస్తుంది. తరగతి గదిలో ఉపాధ్యాయుని నోట విన్న ఆంగ్లం కూడా దానికి మూలం కావచ్చు.

ఈ ఆక్షేపణలు దోషకారణాలకు సంబంధించినవి. తెలుగును పరిష్కారసాధనంగా వాడుకోవడానికి అవి అడ్డురావు. దోషం ఎక్కడనుండి వచ్చినా, ‘గా’ పరీక్ష దానిని సరిదిద్దడానికి పనికివస్తుంది. మైకేల్ స్వాన్ 1980లో వెలువరించిన ‘ప్రాక్టికల్ ఇంగ్లీష్ యూసేజ్’ విదేశీ అభ్యాసకుని దృష్టిలో ఉంచుకొని రాసిన ఉపయుక్త గ్రంథం. అయితే అది అన్ని భాషల అభ్యాసకులకూ ఉద్దేశించినది గనుక ‘కల్లా’, ‘మరీ’, ‘గా’ వంటి ఆనుపానులు అందులో ఉండే అవకాశం లేదు. ఆ పని తెలుగు, ఆంగ్ల శాఖల అధ్యాపకులు కలిసి చేయవలసినది.

వాడుకను ప్రమాణంగా గ్రహించడం తెలుగువారికి కొత్త కాదు. ‘ప్రయోగశరణం వ్యాకరణం’ అన్నది ఇక్కడి నానుడి. గ్రాంథికనియమాలను సమర్థించిన పండితుల రచనల్లోనే ఆ నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను గిడుగు రామమూర్తి ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం’లో ఎత్తి చూపాడు. ఆంగ్లంలో అటువంటి కృషి 1989లో వెలువడిన మెరియమ్–వెబ్‌స్టర్ వాడుక నిఘంటువులో కనిపిస్తుంది. ప్రసిద్ధ రచయితల ప్రయోగాలను పేర్చి, నియమం ఎవరు ఎప్పుడు చేశారో, దానిని ఎవరు పాటించారో అది చూపిస్తుంది. గిడుగు వాదాన్ని చదువుకున్న తెలుగు అధ్యాపకుడు ఆంగ్లం దగ్గరికి వచ్చేసరికి ప్రయోగసాక్ష్యం అడగకుండా ప్రతి నియమాన్నీ శిరసావహించడం ఆలోచించవలసిన విషయం.

8. ముగింపు:

• ఫౌలర్ సంప్రదాయంలోని పదయుగ్మాలు ఆంగ్లం మాతృభాషగా గల రచయిత అవసరాలనుండి పుట్టాయి. వాటిలో కొన్ని అర్థస్పష్టతకు తోడ్పడతాయి. కొన్ని వక్త పుట్టుకను, చదువును కొలిచే గుర్తులుగా మాత్రమే మిగిలాయి.

• ‘లెస్–ఫ్యూయర్’, ‘షల్–విల్’ వంటి నియమాలు అభిరుచిగానో, ప్రాంతీయ ప్రయోగంగానో మొదలైనవని చరిత్ర చెబుతున్నది. పరీక్షల్లో వాటికి ఇచ్చే ప్రాధాన్యం పునఃపరిశీలనార్హం.

• సమోచ్చారణ పదాల జాబితా తెలుగు అభ్యాసకునికి పాక్షికంగానే వర్తిస్తుంది. వకారధ్వనులు, ఊనికస్థానం వల్ల ఏర్పడే జంటలకు అందులో ఎక్కువ చోటు దక్కాలి.

• తెలుగు పదాల నానార్థతనుండి పుట్టే సందిగ్ధతలకు ‘గా’, ‘కల్లా’, ‘మరీ’, ‘వినబడు’ వంటి తెలుగు రూపాలే ఆధారాలుగా ఉపకరిస్తాయి.

• ‘ప్రక్రియ’, ‘వస్తువు’, ‘ప్రయోగం’ వంటి పారిభాషిక పదాలకు సందర్భానుసారంగా ఆంగ్ల సమానార్థకాలను చూపే పట్టిక తెలుగు పరిశోధకులకు తక్షణావసరం.

ఆంగ్లంలో తడబడిన తెలుగు విద్యార్థికి మాతృభాషను పక్కనపెట్టి ఆలోచించమన్న సలహా తరచు వినిపిస్తుంది. ఈ వ్యాసంలో పరిశీలించిన ఉదాహరణల్లో అనేకం అందుకు విరుద్ధమైన దారిని సూచిస్తున్నాయి. ‘సోమవారంలోగా’ అనవలసిన చోట ‘సోమవారం వరకు’ అనని విద్యార్థికి ‘బై’, ‘అంటిల్’ల భేదం ఇదివరకే తెలుసు. తనకు తెలిసిన ఆ సంగతిని అతనికి గుర్తుచేయడం అధ్యాపకుని పని.